టండ్రా వేసవి: లెమ్మింగ్‌ల లెక్క, పక్షుల బతుకు

ఆర్కిటిక్ మహాసముద్రం చుట్టూ రష్యా, అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్‌ల ఉత్తరపు అంచున పరచుకున్న చెట్లు లేని నేలను టండ్రా అంటారు. ఈ నేల పైపొర వేసవిలో కాస్త లోతు వరకే కరుగుతుంది. దాని కిందిది ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. కరిగిన నీరు లోపలికి ఇంకే దారి లేక ఎక్కడికక్కడ గుంటలుగా, చిత్తడిగా నిలిచిపోతుంది. నాచు, లైకెన్లు, తుంగ జాతి గడ్డి, నేలను అంటిపెట్టుకుని పాకే విల్లో పొదలు తప్ప అక్కడ వేరే పచ్చదనం పెద్దగా కనిపించదు. జూన్ మొదట్లో, మంచు పూర్తిగా వీడకముందే ఈ నేల మీదికి లక్షల పక్షులు వచ్చి వాలతాయి. ఆగస్టు ముగిసేలోగా గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోవడం వరకు అంతా జరిగిపోవాలి.

ఈ పక్షులను గమనించడానికి వెళ్లే పరిశోధకులు వాటితోపాటు మరో జీవిని కూడా శ్రద్ధగా లెక్కపెడతారు. అది పిడికిట్లో పట్టేంత ఎలుక జాతి జంతువు, పేరు లెమ్మింగ్. ఆ ఏడు లెమ్మింగ్‌లు ఎన్ని ఉన్నాయో తెలియనిదే పక్షి పిల్లలు ఎందుకు బతికాయో, ఎందుకు పోయాయో చెప్పడం కష్టం. అందుకే టండ్రాలో పక్షుల పరిశీలన, చిన్న జంతువుల పరిశీలన ఒకే పనిగా సాగుతాయి.

అంత దూరం ఎందుకు వెళ్తాయి

కర్లూ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి జాతి పక్షి బరువు యాభై, అరవై గ్రాములు. చలికాలంలో ఇది ఆఫ్రికా, భారతదేశం, ఆస్ట్రేలియా తీరాల బురదనేలల్లో ఉంటుంది. గుడ్లు పెట్టేది మాత్రం సైబీరియా ఉత్తరపు టండ్రాలోనే. దాని వెంటే కనిపించే లిటిల్ స్టింట్ ఇంకా చిన్నది, పాతిక గ్రాముల పిట్ట. ఇంతటి చిన్న ప్రాణులు వేల కిలోమీటర్లు ఎగిరి వెళ్లడానికి ముఖ్యంగా మూడు కారణాలు చెబుతారు.

మొదటిది ఆహారం. మంచు కరిగిన కొద్ది వారాల్లోనే దోమలు, పొడుగుకాళ్ల ఈగలు, సాలీళ్లు పెద్ద ఎత్తున బయటికి వస్తాయి. ఉల్లంకి జాతి పిల్లలు గుడ్డులోంచి బయటపడి ఒళ్లు ఆరగానే గూడు వదిలేస్తాయి. తల్లి నోటికి అందించదు, తిండి అవే ఏరుకుంటాయి. అందుకే పురుగులు విరివిగా దొరికే రోజులు వాటికి ప్రాణాధారం. రెండోది వెలుగు. నడి వేసవిలో సూర్యుడు అస్తమించడు కాబట్టి ఇరవై నాలుగు గంటల్లో ఎప్పుడైనా మేయవచ్చు. మూడోది భద్రత. కెనడా పరిశోధకులు ఆర్కిటిక్‌కు దిగువనున్న ప్రాంతం నుంచి ధ్రువానికి దగ్గరగా ఉన్న అలర్ట్ వరకు నేల మీద కృత్రిమ గూళ్లు అమర్చి, వాటిలో కౌజు పిట్ట గుడ్లు ఉంచి చూశారు. ఉత్తరానికి ఒక్కో డిగ్రీ అక్షాంశం జరిగేకొద్దీ గుడ్లు జంతువుల పాలయ్యే ప్రమాదం 3.6 శాతం చొప్పున తగ్గుతున్నట్టు తేలింది. 2010లో ఈ ఫలితం వెలువడింది. అయితే ఈ భద్రత ఏటా ఒకేలా ఉండదు. దాన్ని నిర్ణయించే వాటిలో లెమ్మింగ్‌లు ముఖ్యమైనవి.

మంచు కింద కాపురం

లెమ్మింగ్‌లు చలికాలంలో నిద్రావస్థలోకి పోవు. బయట మైనస్ ముప్పై డిగ్రీల చలి ఉన్నా, మంచు మందంగా పేరుకుంటే దాని అడుగున, నేలకు ఆనుకుని ఉన్న చోట చలి చాలా తక్కువ. అక్కడే సొరంగాలు తొలుచుకుని నాచు, గడ్డి, విల్లో మొగ్గలు తింటూ బతుకుతాయి. గడ్డితో గుండ్రని గూడు అల్లుకుని మంచు కిందనే పిల్లల్ని కంటాయి. గర్భధారణ కాలం ఇరవై రోజులు మాత్రమే. ఆడ పిల్లలు నెల తిరక్కుండానే గర్భం దాల్చగలవు. మెడ చుట్టూ పట్టీ ఉండే కాలర్డ్ లెమ్మింగ్ చలికాలానికి తెల్లటి బొచ్చు తొడుక్కుంటుంది. గట్టిపడిన మంచును తవ్వడానికి దాని ముందుకాళ్ల గోళ్లు కూడా ఆ కాలంలో లావుగా పెరుగుతాయి.

ఈ వేగంతో పెరిగే జంతువు సంఖ్య ఏటా ఒకేలా ఉండకపోవడంలో ఆశ్చర్యం లేదు. విశేషమేమిటంటే ఆ పెరుగుదల, తరుగుదల ఒక క్రమంలో జరుగుతాయి. మూడు నుంచి ఐదేళ్లకోసారి లెమ్మింగ్‌లు నేలంతా నిండిపోతాయి. ఆ తర్వాత ఒక్క ఏడాదిలోనే వెతికినా కనపడనంతగా పడిపోతాయి. ఎక్కువ, తక్కువల మధ్య తేడా వంద రెట్లు దాటవచ్చు.

ఈ ఉప్పెన, దాని వెనకే వచ్చే శూన్యం పూర్వం ఎన్నో నమ్మకాలకు దారితీశాయి. లెమ్మింగ్‌లు మబ్బుల్లోంచి రాలిపడతాయని 16వ శతాబ్దపు స్వీడిష్ రచయిత ఒలావుస్ మాగ్నుస్ రాశాడు. అవి గుంపులుగా సముద్రంలో దూకి ఆత్మహత్య చేసుకుంటాయన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. 1958లో డిస్నీ సంస్థ తీసిన 'వైట్ వైల్డర్‌నెస్' చిత్రం ఆ అపోహను ప్రపంచమంతా చాటింది. ఆ దృశ్యాలు తెచ్చిపెట్టిన లెమ్మింగ్‌లతో కావాలని సృష్టించినవని తర్వాత బయటపడింది. ఈ జంతువులు ఆత్మహత్య చేసుకోవు. సంఖ్య పెరిగినప్పుడు కొత్త చోటు వెతుక్కుంటూ కదులుతాయి, దారిలో కొన్ని చనిపోతాయి, అంతే.

ఈ హెచ్చుతగ్గులను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ముందువాడు ఇంగ్లండ్‌కు చెందిన చార్లెస్ ఎల్టన్. 1924లో ఆయన ప్రచురించిన వ్యాసం జంతువుల సంఖ్యలో వచ్చే క్రమబద్ధమైన మార్పుల అధ్యయనానికి నాంది పలికింది. కెనడాలో హడ్సన్స్ బే కంపెనీ వద్ద ఉన్న తోళ్ల వ్యాపారం లెక్కలను కూడా ఆయన తన అధ్యయనాలకు వాడుకున్నాడు.

వేటాడేవి, వేటకు చిక్కేవి

లెమ్మింగ్‌ను తినని వేటజంతువు టండ్రాలో అరుదు. వాటిలో నాలుగు ముఖ్యమైనవి: ఆర్కిటిక్ నక్క, మంచు గుడ్లగూబ, స్కువా పక్షి, ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే ఎర్మిన్. గ్రీన్‌లాండ్ తూర్పు తీరంలోని ట్రెయిల్ దీవిలో బెనువా సిట్లర్ బృందం 1988 నుంచి ఈ ఐదు జీవుల లెక్కలు నమోదు చేస్తూ వచ్చింది. 2003లో వెలువడిన ఫలితాల ప్రకారం ఈ హెచ్చుతగ్గుల చక్రాన్ని తిప్పేది ముఖ్యంగా ఎర్మిన్. అది దాదాపు లెమ్మింగ్‌ల మీదే ఆధారపడుతుంది. లెమ్మింగ్‌లు పెరిగిన ఒక ఏడాదికి గానీ దాని సంఖ్య పెరగదు. అప్పటికి లెమ్మింగ్‌లు తగ్గుముఖం పడతాయి. ఎర్మిన్ సొరంగాల్లోకి దూరి మిగిలినవాటినీ తినేస్తుంది. ఆపైన తిండి లేక తనూ తగ్గిపోతుంది. లెమ్మింగ్‌లు మళ్లీ పుంజుకుంటాయి.

మంచు గుడ్లగూబ తీరు వేరు. అది లెమ్మింగ్‌లు పుష్కలంగా ఉన్న చోటును వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు తిరుగుతుంది. దొరికిన చోటే ఆ ఏడు కాపురం పెడుతుంది. కరువు ఏడు గుడ్లే పెట్టకపోవచ్చు. మంచి ఏడు పది గుడ్ల దాకా పెడుతుంది. మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలవుతుంది కాబట్టి ఒకే గూట్లో పెద్దదీ, మధ్యరకందీ, నిన్న పుట్టిందీ పక్కపక్కనే కనిపిస్తాయి. తిండి చాలకపోతే ముందు పోయేది చివర పుట్టినదే. సమృద్ధిగా ఉన్న ఏడు గూటి చుట్టూ మగపక్షి తెచ్చి పడేసిన లెమ్మింగ్‌ల కుప్ప ఉంటుంది. అలాస్కాలోని ఉట్కియాగ్విక్ వద్ద పరిశోధకుడు డెన్వర్ హోల్ట్ 1992లో ఈ గుడ్లగూబల పరిశీలన మొదలుపెట్టారు. గుడ్లగూబ లెమ్మింగ్‌ను సాధారణంగా అలాగే మింగి, ఎముకలు, బొచ్చు ఉండగా కక్కేస్తుంది. ఆ ఉండలు విప్పి దవడ ఎముకలు లెక్కపెడితే అది ఏ జాతివి, ఎన్ని తిన్నదో తెలుస్తుంది.

ఇక పక్షుల సంగతి. లెమ్మింగ్‌లు ఉన్నన్నాళ్లు నక్కకు వేట సులువు. అది గుడ్ల జోలికి అంతగా పోదు. నక్క పిల్లలు ఎక్కువగా పుడతాయి, ఎక్కువగా బతుకుతాయి. మరుసటి ఏడు లెమ్మింగ్‌లు పడిపోతాయి. అప్పుడు ఎక్కువైన నక్కలన్నీ ఆకలితో గూళ్ల మీద పడతాయి. ఉల్లంకులు, బాతులు, హంసజాతి పెద్దబాతులు పెట్టిన గుడ్లు, కన్న పిల్లలు వాటి పాలవుతాయి. మూడో ఏటికి నక్కలు కూడా తగ్గి, పక్షులకు కాస్త ఊపిరి దొరుకుతుంది.

ఈ సంబంధం మొదట బయటపడింది టండ్రాకు చాలా దూరంలో. రష్యాలోని తైమీర్ ద్వీపకల్పంలో పుట్టే బ్రెంట్ పెద్దబాతులు నెదర్లాండ్స్, ఇంగ్లండ్ తీరాల్లో చలికాలం గడుపుతాయి. ఆ గుంపుల్లో ఆ ఏడు పుట్టిన పిల్లల వాటా కొన్నేళ్లు దాదాపు సున్నా, కొన్నేళ్లు సగానికి దగ్గర. దక్షిణాఫ్రికాలోని లాంగెబాన్ లగూన్‌లో కర్లూ శాండ్‌పైపర్ల లెక్క కూడా అదే తాళంలో నడిచింది. ఈ ఎగుడుదిగుళ్లను తైమీర్ లెమ్మింగ్ ఏళ్లతో పోల్చి చూసినప్పుడు 1980లలో సంగతి స్పష్టమైంది.

కొన్ని పక్షులు వేటజంతువునే రక్షణగా వాడుకుంటాయి. మంచు గుడ్లగూబ తన గూటి దగ్గరికి నక్కను రానివ్వదు. కెనడాలోని బైలాట్ దీవిలో, రష్యాకు చెందిన రాంగెల్ దీవిలో పెద్దబాతులు గుడ్లగూబ గూటి చుట్టూ తమ గూళ్లు పెట్టుకుంటాయి. గుడ్లగూబలు రాని ఏడు ఆ కాపలా ఉండదు.

గూడు దొరకడమే సగం పని

టండ్రాలో గూడంటే నాచులో నొక్కుకుపోయిన చిన్న గుంట, అందులో నాలుగు ఎండుటాకులు. ఉల్లంకి జాతి పక్షులు సాధారణంగా నాలుగు గుడ్లు పెడతాయి. ఒకవైపు సన్నగా ఉండే గుడ్ల మొనలన్నీ మధ్యకు చేరి ఉంటాయి. అలా సర్దితే చిన్న ఒంటికింద నాలుగూ ఇముడుతాయి. గోధుమ, పచ్చ కలిసిన రంగు మీద మచ్చలు ఉండటంతో అడుగు దూరం నుంచి కూడా వాటిని పోల్చుకోలేం.

అందుకే పరిశీలకులు ముందుగా కొంత నేలను గడులుగా విడదీసి మూలల్లో కర్రలు పాతుతారు. ఒక పద్ధతిలో ఇద్దరు పొడవాటి తాడు రెండు కొసలు పట్టుకుని, దాన్ని గడ్డి మీదుగా ఈడ్చుకుంటూ సమాంతరంగా నడుస్తారు. తాడు పైనుంచి పోతుండగా పొదుగుతున్న పక్షి లేచిపోతుంది. లేచిన చోట గుంట ఉంటుంది. మరో పద్ధతి ఓపిగ్గా కూర్చోవడం. దూరాన కదలకుండా కూర్చుని బైనాక్యులర్‌తో చూస్తే, మేత ముగించిన పక్షి కాసేపు అటూ ఇటూ తిరిగి గూట్లోకి జారుకుంటుంది. పొదిగే పని ఎవరిదో తెలిస్తే వెతకడం సులువవుతుంది. కర్లూ శాండ్‌పైపర్‌లో ఆడదే పొదుగుతుంది, మగవి ముందే తిరుగుప్రయాణం కడతాయి. ఫాలరోప్ అనే పక్షుల్లో ఆడదానికి రంగులు ఎక్కువ, పొదిగేది మగది. లిటిల్ స్టింట్‌లో తరచు ఒక గూడు మగది, మరో గూడు ఆడది పొదుగుతాయి.

గూటికి దగ్గరైతే కొన్ని పక్షులు చేసే నటన చూసి తీరాల్సిందే. ఉల్లంకి ఒళ్లు కుదించుకుని, రెక్కలు వాల్చి, ఈకలు ఉబ్బించి, కీచుమంటూ గడ్డిలో వంకరటింకరగా పరుగెడుతుంది. అచ్చం పారిపోతున్న లెమ్మింగ్‌లా. నక్క దాని వెంట పడుతుంది. గూటికి దూరంగా లాక్కెళ్లాక పిట్ట ఎగిరిపోతుంది.

పరిశీలన వల్లే గూడు చెడిపోకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. గుర్తు కర్రను గూటికి ఆనించి పాతరు, కొన్ని మీటర్ల ఎడంలో పాతుతారు. గాలివాన వేళ పక్షిని లేపరు, ఎందుకంటే గుడ్లు చల్లబడితే పిండం పోవచ్చు. స్కువా చూస్తుండగా గూటి దగ్గర ఆగరు. మనిషి ఆగిన చోట ఏముందో వచ్చి చూడటం దానికి అలవాటు.

గూడు నిలిచిందా, పోయిందా

గూడు దొరికిన రోజున గుడ్లకు ఎన్ని రోజుల వయసో తెలుసుకోవాలి. దీనికి గోరువెచ్చని నీళ్లున్న చిన్న గిన్నె చాలు. కొత్త గుడ్డు మునిగి అడుగున అడ్డంగా పడుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ గుడ్డులోని నీటిభాగం ఆవిరై గాలిగది పెద్దదవుతుంది. గుడ్డు వెడల్పు కొస పైకి లేచి, వాలుగా, ఆపైన నిటారుగా నిలబడుతుంది. ఇంకొన్నాళ్లకు తేలుతుంది. తేలినప్పుడు నీటిపైన కనిపించే భాగాన్ని బట్టి పిల్ల ఎప్పుడు బయటికొస్తుందో అంచనా కడతారు. చాలా ఉల్లంకి జాతులకు పొదిగే కాలం ఇంచుమించు ఇరవై రోజులు.

గూటి అడుగున సన్నని ఉష్ణోగ్రత సెన్సర్ పెడితే మరో కథ తెలుస్తుంది. పక్షి కూర్చుంటే గీత పైకి, లేస్తే కిందికి. దంపతులిద్దరూ వంతులు పంచుకునే డన్లిన్ అనే ఉల్లంకి గూట్లో గీత దాదాపు నిలకడగా సాగుతుంది. ఒంటరి తల్లి పొదిగే గూట్లో రోజుకు ఎన్నోసార్లు కిందికి పడుతుంది. తల్లి మేతకు లేచిన ప్రతిసారీ అంతే. చలి పెరిగి పురుగులు దొరకని రోజున ఆ ఖాళీలు పొడవవుతాయి. గీత ఒక్కసారిగా పడిపోయి మళ్లీ లేవకపోతే ఆ నిమిషానే గూడు పోయిందని అర్థం.

దొరికిన గూళ్లలో ఎన్ని ఫలించాయో లెక్కపెట్టి శాతం చెబితే తప్పు జవాబు వస్తుంది. నక్క మొదటి రోజే తినేసిన గూడు ఎవరి కంటా పడదు. ఆలస్యంగా దొరికినవి అప్పటికే గండం గడిచినవి. ఈ లోపాన్ని 1961లో అమెరికా పక్షి శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ మేఫీల్డ్ సరిదిద్దాడు. గూళ్లను కాక, గూళ్లు కనిపెట్టి చూసిన రోజులను లెక్కించాలన్నది ఆయన పద్ధతి. ఉదాహరణకు, గూడు ఒక రోజు గడిచి మరుసటి రోజుకు నిలిచే అవకాశం 96 శాతం అనుకుందాం. వినడానికి బాగానే ఉంది. ఇరవై రోజులకు లెక్క కడితే చివరిదాకా నిలిచేది సుమారు 44 శాతమే.

లెమ్మింగ్‌లను ఎలా లెక్కపెడతారు

మంచు కరగగానే కనిపించే మొదటి ఆధారం చలికాలపు గూళ్లు. మంచు కింద అల్లిన ఎండుగడ్డి ఉండలు బోర్లించినట్టు నేల మీద బయటపడతాయి. నిర్ణీత నేలలో నడుస్తూ వాటిని లెక్కించి, మళ్లీ ఏడు ఇదే గూడు లెక్కలోకి రాకుండా చీల్చి పడేస్తారు. లోపలి రెట్టలు, బొచ్చు చూసి జాతిని గుర్తిస్తారు. కొన్ని గూళ్ల లోపలి గోడ మెత్తటి లెమ్మింగ్ బొచ్చుతో పరిచి ఉంటుంది. ఎర్మిన్ దూరి, ఇంటివాళ్లను తిని, ఆ బొచ్చునే పరుపుగా వేసుకుని అక్కడే మకాం పెట్టిందనడానికి అది సాక్ష్యం. అలాంటి గూళ్ల వాటాను బట్టి చలికాలంలో ఎర్మిన్ ఎంత వేటాడిందో చెప్పవచ్చు.

వేసవిలో ప్రాణం తీయని బోనులు పెడతారు. లోపల మేత, వెచ్చదనానికి గడ్డో దూదో ఉంచుతారు. చిన్న ప్రాణి ఒళ్లు త్వరగా చల్లబడుతుంది కనుక కొన్ని గంటలకోసారి చూసి తీరాలి. పడినదాన్ని తూచి, ఆడో మగో చూసి, చెవికి చిన్న బిళ్ల తగిలించి వదిలేస్తారు. తర్వాతి విడతలో పడినవాటిలో బిళ్లలున్నవి ఎన్నో చూస్తారు. మొదట 40కి బిళ్లలు వేశారు, రెండోసారి 50 పడ్డాయి, వాటిలో 20కి బిళ్లలున్నాయి అనుకుంటే ఆ నేలలో మొత్తం దాదాపు 100 ఉన్నట్టు. బోనులు లేని చోట ఈ లెక్క కుదరదు కాబట్టి, నడుస్తుండగా కంటపడిన లెమ్మింగ్‌లు, గుడ్లగూబ గూళ్లు, పిల్లలున్న నక్క బొరియలు కూడా రాసుకుంటారు. లెమ్మింగ్‌లు పుష్కలంగా ఉంటే తప్ప గూడు కట్టని పొమరైన్ స్కువా కనిపిస్తే ఆ ఏడు సంగతి సగం తెలిసినట్టే.

ఒకే ప్రశ్నలు, ఎన్నో చోట్ల

ఒక లోయలో ఒక ఏడు చూసినది మరో లోయకు వర్తించకపోవచ్చు. అందుకే 1998లో అంతర్జాతీయ వేడర్ (ఉల్లంకుల వంటి బురదనేల పక్షుల) అధ్యయన బృందం ఆధ్వర్యంలో ఆర్కిటిక్ పక్షుల సంతానోత్పత్తి పరిస్థితుల సర్వే మొదలైంది. మాస్కోకు చెందిన మిఖాయిల్ సొలోవ్యోవ్, పావెల్ తొమ్కోవిచ్ దాన్ని నడిపించారు. పరిశోధకులు, అభయారణ్య సిబ్బంది అందరికీ దాదాపు ఒకే ప్రశ్నలు. మంచు ఎప్పుడు కరిగింది? వేసవి చల్లగా ఉందా, వెచ్చగానా? లెమ్మింగ్‌లు తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా? నక్కలు, గుడ్లగూబలు పిల్లల్ని పెట్టాయా? పక్షులకు ఆ ఏడు ఎలా గడిచింది? జవాబులు తేలికైనవే, కానీ వాటన్నింటినీ ఒక పటం మీద పెడితే ఆ వేసవి ఏ ప్రాంతంలో కలిసొచ్చిందో, ఏ ప్రాంతంలో దెబ్బతీసిందో కనిపిస్తుంది. గ్రీన్‌లాండ్‌లోని జాకెన్‌బర్గ్ కేంద్రంలో 1990ల మధ్య నుంచి, బైలాట్ దీవిలో అంతకు ముందు నుంచి ఏటా అదే నేల మీద సాగుతున్న లెక్కలు దీనికి వెన్నెముక వంటివి.

క్రమం తప్పుతున్న మంచు

దీర్ఘకాలం లెక్కలు రాయడం వల్లే ఇటీవలి మార్పులు తెలిశాయి. చలికాలం మధ్యలో వాన పడి గడ్డకడితే నేల మీద మంచుగడ్డ పొర ఏర్పడుతుంది. లెమ్మింగ్‌లకు గడ్డి అందదు, సొరంగాలు తడిసిపోతాయి. నార్వే పర్వతాల్లో 1994 తర్వాత లెమ్మింగ్‌ల ఉప్పెనలు ఆగిపోయిన తీరును, మంచు గుణం మారడంతో ముడిపెడుతూ 2008లో పరిశోధకులు వివరించారు. గ్రీన్‌లాండ్ ఈశాన్యంలో 2000 ప్రాంతం నుంచి చక్రం కుదేలైంది. ట్రెయిల్ దీవి ప్రాంతంలో మంచు గుడ్లగూబ పిల్లల సంఖ్య దాదాపు పూర్తిగా పడిపోయింది.

వసంతం ముందుకు జరగడం మరో ఇబ్బంది. తైమీర్‌లో మంచు కరిగే తేదీ ముప్పై మూడేళ్లలో ఏడాదికి అరరోజు చొప్పున ముందుకు వచ్చింది. పురుగులు ముందే వచ్చి పోతున్నాయి. ఆలస్యంగా పుట్టినట్టయిన రెడ్ నాట్ అనే ఉల్లంకి జాతి పక్షి పిల్లలు చిన్న ఒంటితో, పొట్టి ముక్కుతో పెరుగుతున్నాయి. చలికాలంలో అవి చేరే పశ్చిమ ఆఫ్రికాలోని మౌరిటానియా తీరంలో గుల్లచేపలు ఇసుక లోతున ఉంటాయి. పొట్టి ముక్కు అక్కడికి అందక వాటి బతుకు కష్టమవుతోందని 2016లో తేలింది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఏళ్లూ వస్తున్నాయి. 2018లో జాకెన్‌బర్గ్‌లో మంచు విపరీతంగా కురిసి ఆలస్యంగా కరగడంతో మొక్కలు, పక్షులు, జంతువుల్లో చాలావాటికి ఆ ఏడు సంతానమే లేకపోయింది.

పులికాట్ దాకా వచ్చే లెక్క

ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య ఉన్న పులికాట్ సరస్సు బురదలో చలికాలమంతా మేసే కర్లూ శాండ్‌పైపర్లు, లిటిల్ స్టింట్లు ఈ టండ్రా సంతతే. పెద్ద పక్షులు ముందు చేరతాయి. పిల్లలు ఆ తర్వాత, తల్లిదండ్రుల తోడు లేకుండా, ఎన్నడూ చూడని దారిలో వస్తాయి. ఈకల అంచులు, రంగు చూసి ఆ ఏడు పుట్టినవాటిని అనుభవజ్ఞులు గుర్తుపట్టగలరు.

ఒక ఏడు పిల్లలు తక్కువగా కనిపిస్తే కారణం రెండు వైపులా ఉండవచ్చు. ఇక్కడి నీరు, బురద, మేత చెడి ఉండవచ్చు. లేదా అక్కడ లెమ్మింగ్‌లు కూలిపోయి నక్కలు గూళ్లను ఖాళీ చేసి ఉండవచ్చు. లెమ్మింగ్‌ల చక్రం క్రమంగా సాగినంతకాలం రెండోది ఒకటి రెండేళ్లలో తనంతట సర్దుకుంటుంది, మొదటిది మనుషులు పూనుకుంటే తప్ప సర్దుకోదు. ఏది ఏదో విడదీసి చెప్పడానికి రెండు చోట్లా, ఏళ్ల తరబడి, ఒకే పద్ధతిలో రాసిన లెక్కలు కావాలి. చిత్తడినేలల రక్షణకు ఎక్కడ, ఎప్పుడు పూనుకోవాలో తేల్చేది ఆ లెక్కలే.